చిలకల్ని తోలిన చెయ్యి

ఆ గురువారం ఉదయం ఎనిమిదిన్నర వేళ, మా హాల్లో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మూడు నెలలుగా మంచి చేసుకుంటున్న పిట్ట మీద నేను నా శక్తి కొద్దీ అరిచాను.

అంతకు రెండు నిమిషాల ముందు అది నా ఎడమచేతి చూపుడువేలి మీద కూర్చుని ఉంది. బయట తుపాను మబ్బు పట్టడంతో మా ఆవిడ చోళ్ళని డాబా మీదకి తీసుకెళ్లలేదు. హాల్లోనే ఓ మూల పాత నేతచీర పరిచి ఆరబోసింది. మిగతావాళ్లు రాగులనే గింజల్నే మా శ్రీకాకుళం వైపు చోళ్ళంటాం. పిట్ట వాటిని చూసింది. తల మీది తురాయి సగం లేపింది. నా వేలిని కాళ్లతో ఒకసారి నొక్కి, ఎగిరి వెళ్లి చీర అంచున వాలింది. ఒక గింజని ముక్కులో అటూ ఇటూ తిప్పి పొట్టు వదిలేసింది. రెండో గింజకి వంగింది.

అప్పుడు నా పొట్టలోంచి "హా... హోయ్... హోహోయ్" అన్న కేక బయలుదేరింది. రెండు చేతులూ తల మీదకి లేచి ఫెళ్లున చరుచుకున్నాయి. అంతటితో ఆగక కుడిచెయ్యి గాలిలో గిరగిరా రెండు చుట్లు తిరిగింది, లేని రాయినేదో విసరబోతున్నట్టు.

పిట్ట నిలువునా లేచింది. కర్టెన్‌కి కొట్టుకుంది, క్యాలెండర్‌కి కొట్టుకుంది, చివరికి బీరువా మీద సూట్‌కేసుల వెనకాల ఎక్కడో దూరిపోయింది. దాని తోకలోంచి పొడవాటి బూడిదరంగు ఈక ఒకటి తీరిగ్గా తిరుగుతూ వచ్చి చోళ్ళలో పడింది. దాని వెనకే ఇంకొకటి.

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో వచ్చింది. చేతులు ఎత్తి నిలబడ్డ నన్ను చూసింది, ఈకల్ని చూసింది.

"ఏటండిది?"

"చోళ్ళు తింటోంది" అన్నాను.

"మూడు నెలల్నుంచి తినూ తినూ అని దాన్ని బతిమాలుతున్నారు గదా. తింటే అరుస్తారేటి?"

మూడు రోజులు పోతే ఆదివారం. ఆ ఆదివారం ఆ పిట్ట ఎవరిదో తేలాలి.

పిట్ట నాది కాదు. పక్కవాటాలో పదకొండేళ్లు అద్దెకున్న సిస్టరమ్మది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. రిటైరయ్యాక కూడా మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడ చెయ్యి పడాలి, తరవాతే డాక్టరు. ఆరేళ్ల కిందట ఎవరో వైద్యం చేయించుకున్న కృతజ్ఞతతో ఈ పిట్టని, అప్పటికింకా రెక్కలు సరిగా రానిదాన్ని, ఆవిడ చేతిలో పెట్టి వెళ్లారు. చిలక జాతే గాని పచ్చగా ఉండదు. ఒళ్లంతా బూడిదరంగు, మొహం పసుపు, బుగ్గ మీద నారింజరంగు బొట్టు, నెత్తిన తురాయి. కాకటీల్ అంటారు. మా పాలాయన మాత్రం దాన్ని రంగు వెలిసిపోయిన చిలకనే అనుకునేవాడు. దానికో పేరుంది. ఆ పేరున్న పెద్దమనిషి ఒకాయన మా వీధిలోనే ఉన్నారు కనక ఇక్కడ రాయడం లేదు.

మన రామచిలకల్ని పంజరంలో పెట్టడం నేరమన్న వార్తని నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దినపత్రికలో మొదట మండల విలేకరిగా, తరవాత జిల్లా డెస్కులో ముప్పయ్యేళ్లు గడిపినవాణ్ణి. చిలకల స్వాధీనం వార్త ఎప్పుడూ సింగిల్ కాలమే. అందుకే ఈ పిట్టని చూసిన మొదటిరోజే సిస్టరమ్మని చట్టం గురించి అడిగాను. ఇది పరదేశపు జాతి, పంజరాల్లోనే పుట్టి పెరిగేది, దీనికి ఆ బెడద లేదని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. చెప్పి, కాఫీ ఇచ్చి, నేనింకేదైనా అడుగుతానేమోనని తలుపు దగ్గరే నిలబడింది.

మొన్న ఆగస్టులో చీపురుపల్లిలో ఉన్న ఆవిడ అన్నగారికి పక్షవాతం వచ్చింది. చూసుకునే మనిషి లేదు. ఆవిడే వెళ్లాలి. ఆయనకి ముందునుంచీ ఆయాసం. పిట్ట రెక్కల పొడి ఆ ఇంట్లో ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వైజాగ్‌లో పిట్టల్ని పెంచే దంపతులున్నారు. గదికి గది వల కట్టి గుంపులుగా పెంచుతారు. ఇస్తే తీసుకుంటామన్నారు. సిస్టరమ్మ స్వయంగా వెళ్లి చూసి వచ్చింది. పిట్టలకి తిండికి లోటు లేదట, శుభ్రంగానే ఉందట.

"గాని బాబూ, మందలో దీనికి ఎవులూ తెలీదు. మనుసుల్లో పెరిగినాది. మద్దేన్నం పూట నా బుజం మీద పడుకుంటాది. అక్కడ ఎవులి బుజం ఉంటాది?" అని మా అరుగు మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది.

నేను రిటైరై రెండేళ్లయింది. చేసే పని లేదు. పైగా, ఎవరైనా దిగులుగా మాట్లాడితే వెంటనే ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చేయడం డెస్కులో అబ్బిన గుణం. "నేను చూసుకుంటాను సిస్టరమ్మా" అన్నాను. వెనకాల మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది.

సిస్టరమ్మ ఉబ్బిపోలేదు. నర్సులకి మాటలతో జ్వరం తగ్గదని తెలుసు.

"సూసుకోడం అంటే గింజలెయ్యడం గాదు. అది మీ సేతి మీదికి రావాల. అలగైతేనే ఇక్కడ ఉంచుతాను. పంజరంలో ఒక్కదాన్నీ ఒగ్గీసి మీరు పేపరు సదూకుంటే దిగులుతో పోతాది. దానికన్నా వైజాగే నయం" అంది.

నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఆరాధనకి ఆవిడ శ్రీకాకుళంలోని తన పాత చర్చికే వస్తుంది. చీపురుపల్లిలో ఉన్నా అది మానదు. అలా వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి పిట్టని చూస్తానంది. మూడు ఆదివారాలు గడువు. మూడోసారికి తేలిపోవాలి.

గడువు అన్నమాట వినగానే నా వెన్ను నిటారయింది. జీవితమంతా గడువు మీదే బతికాను. గడువున్న పని చివరి గంటలో ఎలాగో అయిపోతుందన్న నమ్మకం నాది. పిట్టకి ఆ నమ్మకం లేదని తెలియడానికి కొంత కాలం పట్టింది.

సెప్టెంబరులో, వెళ్లే ముందు రోజు ఆవిడ చెప్పాల్సినవన్నీ చెప్పింది. నేను నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాను. మొదటి వారం చెయ్యి పంజరంలో పెట్టకూడదు. పక్కన కూర్చోవాలి, అంతే. దాని కళ్లలోకి సూటిగా చూడకూడదు. రెండు కళ్లూ ముందుకే పెట్టుకుని తననే చూసే జంతువు ఏదైనా పిట్ట లెక్కలో పిల్లే. తురాయి నిట్టనిలువుగా ఉంటే బెదిరినట్టు, వెనక్కి అతుక్కుని బుసకొడితే కోపమొచ్చినట్టు, సగం వాలి ఉంటే కులాసాగా ఉన్నట్టు. పొడిస్తే చెయ్యి వెనక్కి లాక్కోకూడదు. లాక్కుంటే పొడవడం పనికొస్తుందని అది నేర్చుకుంటుంది. రోజుకి రెండుసార్లు, పది నిమిషాల చొప్పున. అది బాగున్నప్పుడే పాఠం ఆపెయ్యాలి, విసిగాక కాదు.

ఇవన్నీ అండర్‌లైన్ చేసుకున్న మనిషిని, మర్నాడు పొద్దున్నే కుర్చీ లాక్కుని పంజరానికి ఎదురుగా కూర్చుని దాని కళ్లలోకి చూస్తూ "ఏమ్మా, ఎలా ఉన్నావు? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాను. మంత్రి నుంచి మార్కెట్ కమిటీ దాకా అందరినీ కళ్లలోకి చూసే అడిగాను. వేరే పద్ధతి నాకు తెలియదు. పిట్ట పంజరం అవతలి మూలకి అతుక్కుపోయి తురాయి నిలువుగా లేపింది. నేను ఇంకో ప్రశ్న అడిగాను.

మా ఆవిడ కూర తరుగుతూ చూస్తోంది. "పిట్టకి కూడా ప్రెస్ మీటేనా?" అంది.

కుర్చీ పక్కకి తిప్పాను. అలా గోడకేసి చూస్తూ వారం రోజులు పేపరు గట్టిగా చదివాను. గొంతు అలవాటవాలని సిస్టరమ్మే చెప్పింది. జిల్లా పేజీ మొదలుపెట్టి సంపాదకీయానికి వచ్చేసరికి పిట్ట ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని కళ్లు మూసుకునేది. అది నమ్మకానికి గుర్తని నేను నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాను. సంపాదకీయానికి ఎవరైనా అంతేనని మా ఆవిడ అభిప్రాయం.

రెండో వారం గంటి కంకి తెచ్చాను. గంటెలంటే సజ్జలు. ఆ కంకంటే ఈ జాతికి ప్రాణం. పొడవాటి కంకి కొస పట్టుకుని ఊచల్లోంచి లోపలికి పెడితే మొదటి రెండు రోజులు అది కంకినీ చూడలేదు, నన్నూ చూడలేదు. మూడోరోజు కంకి చివర ఒక్క గింజ లాక్కుని వెనక్కి పోయింది. రోజురోజుకీ నేను కంకిని కురచ చేస్తూ వచ్చాను. అది దగ్గరకి వస్తూ వచ్చింది. అక్టోబరు మొదటి ఆదివారం సిస్టరమ్మ వచ్చేటప్పటికి ఊచల్లోంచి నా వేళ్ల సందున ఉన్న గింజల్ని తీసుకుంటోంది. ఆవిడ చూసి "మంచిదే" అంది, టెంపరేచరు నూటికి దిగినప్పుడు అన్నట్టు.

ఆ మంచిదే అన్న ఒక్కమాట నా తలకెక్కింది. పిట్టకి ఇంట్లో ఎవరూ గింజలు పెట్టకూడదని ఆజ్ఞ జారీ చేశాను. నా ఒక్కడి చేతిలోనే తినాలి. ఈ వార్త నా ఒక్కడికే దక్కాలి, పోటీ పత్రికకి పోకూడదు. మా ఆవిడ సరేనంది. తను అసలు ఎప్పుడూ పెట్టలేదని కూడా అంది. ఇంట్లో పోటీ పత్రికే లేదు.

అక్టోబరంతా చెయ్యి పంజరం లోపల పెట్టడం దగ్గరే గడిచింది. తలుపు తీసి, అరచేతిలో గింజలు పోసుకుని, చెయ్యి కదలకుండా ఉంచాలి. పది నిమిషాలు కదలకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ముక్కు దురద పెట్టేది. ఫోన్ మోగేది. మధ్యమధ్య అది వేళ్లని పొడిచేది. ఒకసారి బొటనవేలి గోరు పక్కన గట్టిగా పొడిచింది. చెయ్యి లాక్కోకూడదని నాకు తెలుసు. లాక్కోలేదు. కాని నోటితో ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ ప్రచురణకి తగదు. నవంబరు ఆదివారం నాటికి అది నా అరచేతి అంచున ముక్కు ఆనించి తినేది గాని కాలు పెట్టేది కాదు. సిస్టరమ్మ కట్టు కట్టిన నా వేళ్లని చూసి, ఏ వేలికి ఏ రోజు తగిలిందో వరసగా అడిగి, ఇంకా నెల ఉందిగా అని వెళ్లిపోయింది. ఆ రోజు ఆవిడ పిట్టని చేతిలోకి తీసుకోలేదు. తీసుకుంటే వదలబుద్ధి కాదేమోనని నాకు తరవాత తోచింది.

నవంబరు మధ్యలో ఒక ఉదయం, చూపుడువేలు అడ్డంగా చాపి దాని పొట్ట కింది భాగానికి మెల్లగా తగిలించి, "ఎక్కు" అన్నాను. అప్పటికి వందసార్లు అన్నమాటే. అది ముందు ముక్కుతో నా వేలిని తట్టి చూసింది, వంతెన బలంగా ఉందో లేదో చూసుకున్నట్టు. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. గుప్పెడు గంటెల బరువు కూడా లేదు. కాళ్లు మాత్రం వెచ్చగా ఉన్నాయి. అంత వెచ్చగా ఉంటాయని నేననుకోలేదు. మా ఆవిణ్ణి పిలవాలనుకున్నాను. పిలిస్తే ఎగిరిపోతుందని పిలవలేదు. ఉద్యోగంలో చేరాక ఒక వార్త చేతిలో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఉన్నది అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు వారాలు నేను భరించరాని మనిషినయ్యాను. వాకింగ్‌కి వెళ్లి నాగావళి వంతెన దాకా ఎవరు కలిస్తే వారికి పిట్టల మనస్తత్వం బోధించాను. సహనం గురించి, భయంలేని స్పర్శ గురించి మాట్లాడాను. పిట్టని రోజూ హాల్లోకి తెచ్చి, తలుపులు మూసి, వేలి మీద కూర్చోబెట్టుకుని రెండు గదులూ తిప్పేవాణ్ణి. అది నా వేలి నుంచి కుర్చీ వెన్ను మీదకీ, కుర్చీ నుంచి వేలి మీదకీ ఎగరడం నేర్చుకుంది. నేను దానికి నేర్పుతున్నాననే అనుకున్నాను.

ఇక్కడ నా పూర్వచరిత్ర కొంత చెప్పాలి. ఇన్ని పాఠాల మధ్య సిస్టరమ్మకి నేను చెప్పనిది అదొక్కటే. దాచాలని కాదు, గుర్తే రాలేదు.

మాది వ్యవసాయపు ఇల్లు. చీపురుపల్లికి అవతల మెట్టపొలం. గంటెలు, చోళ్ళు, కొంచెం జొన్న. కంకులు పాలు పోసుకునే రోజుల్లో తెల్లారేసరికి చిలకలు మందలుగా దిగేవి. నాకు ఏడో ఏడు వచ్చిన దగ్గర్నుంచి పట్నంలో కాలేజీకి వెళ్లేదాకా ఆ రోజుల్లో నా స్థానం పొలం మధ్య కర్రలతో కట్టిన మంచె. చేతిలో వడిసెల. అంటే జనపనారతో పేనిన తాడు, మధ్యలో రాయి పట్టే గుంట. తల మీద తిప్పి ఒక కొస వదిలితే రాయి పొలం ఆ చివర పడుతుంది. చిలకకి తగలక్కర్లేదు, దాని పక్కన గాలి చీలితే చాలు.

రాయి కన్నా మా నాన్నకి కేక మీద గురి. ఆయన సూత్రం ఒకటే. "సిలక కంకి మీద వాలీసాక అరిస్తే ఏటి లాభంరా? వాలబోతన్నప్పుడే అరవాల." చిలక రెక్క ముడిచే క్షణం కనిపెట్టి అరవాలి. ఒక గుంపు ఒక పూట తింటే మా ఇంట్లో ఎన్ని పూటల అంబలి పోతుందో ఆయన చెప్పేవాడు కాదు గాని అమ్మ చెప్పేది. నాకా విద్య బాగా అబ్బింది. నా కేకకి రెండు పొలాల అవతల దిగిన చిలకలు కూడా లేచిపోయేవి. పక్క చేలవాళ్లు తమవైపు తిరిగి కూడా ఓ కేక వెయ్యమని అడిగేవారు. తర్వాత పేపర్లో నా పేరుతో ఎన్ని బైలైన్లు వచ్చినా, ఊరందరూ ఒప్పుకున్న ప్రతిభ నాకు అదొక్కటే.

నలభై అయిదేళ్లుగా ఆ కేక నాలో ఉందని నాకే తెలియదు. గింజలు పరిచి ఉండడం, వాటి మీద చిలక రెక్క ముడుస్తూ వాలడం, ఈ రెండూ ఒకచోట కనబడేదాకా అది బయటపడలేదు. మా నాన్న ఉంటే ఒక్క తప్పు పట్టేవాడు. రెండో గింజ దాకా ఆగడమేమిటని.

గురువారం మధ్యాహ్నం దాకా పిట్ట బీరువా మీదే ఉండిపోయింది. నేను కింద నిలబడి గంటి కంకి ఎత్తి పట్టుకుని, తియ్యటి గొంతుతో పిలుస్తూ ఉన్నాను. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ అది ఇంకా వెనక్కి జరిగింది. చివరికి మా ఆవిడ నన్ను బజారుకి పంపింది. ఏం తేవాలో చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి పిట్ట పంజరంలో ఉంది. తనేం చెయ్యలేదట. పంజరాన్ని బీరువా పక్కన ఎత్తుపీట మీద పెట్టి, తలుపు తీసి, వంటింట్లోకి వెళ్లిపోయిందట. అదే నడుచుకుంటూ వచ్చిందట.

శుక్రవారం నేను హాల్లోకి అడుగు పెట్టగానే తురాయి నిలువుగా లేచింది. పంజరం దగ్గరకి వెళితే బుస. కంకి చూపిస్తే అవతలి మూల. మొదటి రోజు కన్నా వెనక్కి వెళ్లాం. మొదటిరోజు దానికి నేనెవరో తెలియదు. ఇప్పుడు తెలుసు.

శుక్ర శనివారాలు సిస్టరమ్మకి ఏం చెప్పాలా అని ఆలోచించడంలో గడిచాయి. తోక ఈకల గురించి అడుగుతుంది. పిట్టలు ఏటా ఈకలు రాలుస్తాయి. ఆ మాట నిజమే. అది అబద్ధం కాకుండా ఎంత చక్కగా పనికొస్తుందో నాకు తెలుసు. ముప్పయ్యేళ్లు అలాంటి వాక్యాలు దిద్దాను. మా ఆవిడ ఆ రెండు ఈకల్నీ తీసి ఫ్రిజ్ మీద గిన్నెలో పెట్టింది, పారెయ్యమంటే పారెయ్యలేదు. సిస్టరమ్మకి నువ్వు చెబుతావా అని అడిగాను. "నానెందుకు సెప్పాల? నానరిసేనా?" అంది.

ఆదివారం పన్నెండు దాటాక సిస్టరమ్మ వచ్చింది. తెల్లచీర, బైబిలు సంచీ, మొహంలో అలసట. వస్తూనే కూర్చోకుండా పంజరం దగ్గరకి వెళ్లింది. పిట్ట ఊచలకి ఎగబాకి ఈల వేసింది. ఆవిడ దాన్ని ఒకసారి పైనుంచి కిందకి చూసింది. వార్డులో రౌండుకి వచ్చినప్పుడు అలాగే చూసేదేమో.

నేను మొదలుపెట్టాను. గురువారం ఉదయం హాల్లో చోళ్ళు ఆరబోసిన చోట స్వల్పంగా కలకలం జరిగిందని, పిట్ట కొంత బెదిరిందని, ప్రాణాపాయమేమీ లేదని, పరిస్థితి ప్రస్తుతం అదుపులో ఉందని చెప్పాను. ఎవరు చేశారన్నది ఆ వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఆవిడ నా వైపు చూస్తూ ఊరుకుంది. మందు వేసుకున్నానని చెప్పే రోగుల ముందు నర్సులు ఊరుకునే ఊరుకోవడం అది. నేనైతే అలాంటి మౌనాన్ని ఇంకో ప్రశ్నతో పాడుచేసేవాణ్ణి. ఆవిడ పాడుచెయ్యలేదు.

నేను మొత్తం చెప్పాను. మంచె, వడిసెల, మా నాన్న, కేక, రెండు చేతులు.

"ఎలగరిసేరు?" అని అడిగింది.

పిట్ట ఉన్న గదిలో ఆ కేక అరిచి చూపించడం కుదరదు. గుసగుసగా "హా... హోయ్... హోహోయ్" అని చూపించాను. గుసగుసకే పిట్ట తురాయి లేచింది. సిస్టరమ్మ ముందు ఆపుకుంది. తర్వాత కళ్లజోడు తీసి చీరకొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి చాలా నెలలైందని మా ఆవిడ తర్వాత అంది.

నవ్వు ఆగాక, చేతులు ఎక్కడున్నాయని అడిగింది. తల మీద అన్నాను.

"అదీ సంగతి. గొంతు ఎప్పుడో మరిసిపోతాది బాబూ. సెయ్యి మరిసిపోదు. ఇంకమీదట మీ సెయ్యి దానికి పైనుంచి కనపడకూడదు. ఒళ్లోంచి లేవాల."

తర్వాత పంజరం తలుపు తీసి వేలు పెట్టింది. పిట్ట ఆలోచించకుండా ఎక్కింది. ఎక్కి, చెయ్యి మీదుగా భుజానికి నడిచి, జాకెట్టు అంచుని ముక్కుతో పట్టుకుని మెడ దగ్గర సర్దుకుంది. ఆవిడ కాసేపు కదలలేదు. అన్నగారు ఇప్పుడు ఎడమచెయ్యి కొంచెం కదుపుతున్నారని, పూర్తిగా కోలుకోవడం కల్లేనని, కనక తను అక్కడే ఉండిపోతానని, మామూలు గొంతుతో మా ఆవిడకి చెప్పింది. చెబుతూనే పిట్టని మళ్లీ వేలి మీదకి తీసుకుని నా వేలి పక్కన పెట్టింది. అది నా వేలిని చూసింది. వెనక్కి తిరిగి మళ్లీ ఆవిడ భుజానికి నడిచిపోయింది. రెండోసారీ అంతే.

వైజాగ్ దంపతులు వచ్చే ఆదివారం కారు వేసుకుని వస్తామన్నారట. అవునో కాదో ఫోన్ చేసి చెప్పాలట. ఫోన్ సంచీలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది గాని నొక్కలేదు.

"ఒకటి సెప్పండి" అంది నాతో. "మల్లీ అరుస్తారా?"

అరవనని చెప్పడానికి నోరు తెరిచాను. ఇకమీదట ఇలాంటివి పునరావృతం కావన్న మాట ఎంతమంది అధికారుల నోట విని రాసుకున్నానో గుర్తొచ్చింది. అన్నవాళ్లలో అబద్ధం చెప్పాలనుకున్నవాళ్లు తక్కువే. నా కేక నన్నడిగి రాలేదు. మళ్లీ వచ్చేటప్పుడు అడుగుతుందని నాకు నమ్మకం లేదు.

"తెలీదు సిస్టరమ్మా" అన్నాను.

ఆవిడ తలూపింది. "అరవను అనుంటే, వచ్చి తీసుకుపొమ్మని ఇయ్యాలే వైజాగ్‌కి ఫోన్ సేసీదాన్ని" అంది.

ఆ దంపతులకి ఫోన్ చేసి ఇంకో నెల ఆగమని చెప్పింది. వాళ్లు నెల అంటే నెలేనని, ఆ తర్వాత గదిలో చోటుంటుందో లేదో చెప్పలేమని అన్నారట. ట్రైను వేళవుతోందని లేచి, భుజం మీంచి పిట్టని తీసి పంజరంలో పెట్టింది. దాని కాళ్లని ఒక్కొక్కటిగా తన వేలి నుంచి విడదీయాల్సి వచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూడలేదు. పిట్ట మాత్రం సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉంది.

ఇది జరిగి పద్దెనిమిది రోజులయింది. చోళ్ళు డబ్బాలోకి వెళ్లిపోయాయి. నేను పంజరం పక్కన నేల మీద కూర్చుంటున్నాను. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు గాని, చెయ్యి ఒళ్లోంచి లేవాలంటే అదే దారి. నోట్‌ప్యాడ్ మానేశాను. పది నిమిషాలు అయ్యాయో లేదో మా ఆవిడ వంటింట్లోంచి చెబుతుంది.

నిన్న ఉదయం "ఎక్కు" అంటే పిట్ట ఎడమకాలు నా వేలి మీద పెట్టింది. ఇవాళ కూడా పెట్టింది. కుడికాలు ఇంకా పంజరం కర్ర మీదే ఉంది.